108, టీకా, మైక్రోఫైనాన్స్: ఆ మెసేజ్‌లో చెప్పని సగం

"సమాజాన్ని మార్చేది వ్యాపారవేత్తలే, ప్రభుత్వం అడ్డు తప్పుకుంటే చాలు" అంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఉదాహరణలు మన దగ్గరివే మూడు ఇచ్చారు: 108 అంబులెన్సు, 50 రూపాయల హెపటైటిస్ బి టీకా, పేద ఆడవాళ్లకు అప్పులిచ్చిన మైక్రోఫైనాన్స్ కంపెనీలు. మూడూ జరిగినవే. కానీ ప్రతి కథనీ సగం చెప్పి వదిలేశారు, అందుకే ఇది రాస్తున్నాను.

"108 ఒక కంపెనీ యజమాని చలవ"

మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజే, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్ నుంచి. ఒకే నంబరు, ఒకే కాల్ సెంటర్, దగ్గర్లో ఉన్న బండిని పంపడం అనే ఏర్పాటు గొప్పది, ఆ క్రెడిట్ ఆయనకు ఇవ్వాల్సిందే. అయితే ఆ బండి మారుమూల పల్లెలకు కూడా చేరింది ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాకే, నిర్వహణ ఖర్చులో 95 శాతం ఖజానా భరించాకే. 2009 జనవరి 7న, తన కంపెనీలో లేని వేల కోట్లు లెక్కల్లో ఉన్నట్టు చూపించానని ఆయనే ఉత్తరం రాశారు. కంపెనీ కుప్పకూలింది, అంబులెన్సులు మాత్రం ఆగలేదు. డీజిల్‌కీ జీతాలకీ డబ్బు ఖజానా నుంచి వస్తోంది కాబట్టే ఆగలేదు. తర్వాత నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. అదే ఒక్క యజమాని జేబు మీద నడిచే సర్వీసయితే ఆ జనవరిలో ఫోన్ చేసినవాళ్ల గతేమిటి?

"చవక టీకా ఒక్కడి పట్టుదల"

శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి పట్టుదల మీద నాకు ఏ అనుమానమూ లేదు. వందల రూపాయలు పలికే దిగుమతి టీకాకు బదులు 1997లో స్వదేశీ టీకా తెచ్చి, డోసు 50 రూపాయలకు ఇస్తామనడం మామూలు విషయం కాదు. మూడు ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ ఆ పరిశోధన మొదలైంది ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సాగింది హైదరాబాద్‌లోనే ఉన్న ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో. రెండూ జనం పన్నులతో నిలబడ్డవే. పైగా టీకా చవకయితే చాలదు, పుట్టిన బిడ్డకి అందాలి. 2002లో కొన్నిచోట్ల మొదలై 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి వచ్చాకే అది కూలివాళ్ల పిల్లలకి ఉచితంగా అందింది. ఐస్ ప్యాకుల మధ్య టీకా సీసాలు సర్దుకుని, ఆ డబ్బా భుజాన వేసుకుని అంగన్‌వాడీ దాకా వెళ్లే ఏఎన్‌ఎమ్ గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

"ఎవరూ అప్పివ్వని ఆడవాళ్లకి మైక్రోఫైనాన్స్ దారి చూపింది"

నాకు నిజంగా కోపం తెప్పించింది ఈ మాట. ఎవరూ ఇవ్వకపోవడమేమిటి? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అదే ఊపులో రోజుకో రూపాయి పొదుపు మొదలై డ్వాక్రా సంఘాలు ఊరూరా పాకాయి. పల్లె రుణాల వ్యవహారం చూసే ప్రభుత్వ బ్యాంకు నాబార్డ్ 1992లోనే సంఘాలను బ్యాంకులతో కలిపే పద్ధతి పెట్టింది, 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. గుంపుగా కూర్చోవడం, పుస్తకం రాసుకోవడం, కిస్తీ తప్పకుండా కట్టడం ఆ ఆడవాళ్లకు అప్పటికే అలవాటు. కంపెనీలు వచ్చింది ఆ అలవాటు ఉన్న ఊళ్లకే, కోతకొచ్చిన చేలోకి కొడవలి పట్టుకుని దిగినట్టు.

వసూలు ఎలా జరిగేదో తెలిసినవాళ్లు దాన్ని దారి చూపడం అనరు. వారానికోసారి పొద్దున్నే మీటింగ్, ఐదుగురు ఒక గ్రూపు. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురూ వేసుకోవాలి, డబ్బు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అంటే వసూలు చేసే పని పక్కింటి ఆమె మీదే పెట్టారు. దాంతో ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు, దానికి మూడోది. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు బ్రాంచీలు మూయించారు. అయినా పాఠం నేర్చుకోలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, ఇష్యూలో 1,600 కోట్లకు పైగా వచ్చింది. బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు పెట్టిన యూనస్ కూడా దాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. ఆ ఏడాదే అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు వరసగా వార్తలకెక్కాయి, అక్టోబరులో ఈ కంపెనీల వసూళ్లకు కళ్లెం వేస్తూ రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. దాంతో ఆ కంపెనీలకు అప్పిచ్చిన బ్యాంకుల డబ్బూ ఇరుక్కుంది, కంపెనీల్లో చిన్న ఉద్యోగులూ రోడ్డున పడ్డారు, అదీ చెప్పాలి.

"ప్రభుత్వం తప్పుకుంటే చాలు"

తప్పుకున్నప్పుడు ఏమైందో పైనే చూశాం. ఆర్డినెన్స్ తర్వాతే ఆర్‌బీఐ కదిలి వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఆలస్యం, లంచం లేవని నేననను, సంఘాలకు రావాల్సిన వడ్డీ రాయితీ నెలల తరబడి ఆగిన సందర్భాలూ ఉన్నాయి. దానికి నిలదీయాలి. పాలకులనైతే ఓటుతో నిలదీయొచ్చు, షేర్‌హోల్డర్లకు జవాబు చెప్పే కంపెనీని ఆ ఐదుగురు ఆడవాళ్లు ఎక్కడ నిలదీస్తారు?

2022 ఏప్రిల్ నుంచి ఆ వడ్డీ పరిమితి కూడా లేదు. దాని బదులు, కిస్తీలన్నీ కలిపి కుటుంబ నెలాదాయంలో సగం దాటకూడదని, వసూలుకు ఉదయం 9కి ముందూ సాయంత్రం 6 తర్వాతా రాకూడదని ఆర్‌బీఐ నిబంధనలు పెట్టింది. మీ ఇంట్లోనో, మీ ఇంట్లో పనిచేసే ఆమెకో ఇలాంటి అప్పు ఉంటే లోన్ కార్డు అడిగి తీసుకుని వడ్డీ, కిస్తీ లెక్క చూడండి. తేడా ఉంటే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించండి, అక్కడ తేలకపోతే ఆర్‌బీఐకి.