లేని దేశానికి బ్రోచర్

లేని దేశానికి పటం గీయడం చిన్న పని కాదు. మా అక్క కొడుకు చాలాకాలంగా అదే పనిలో ఉన్నాడు. బొమ్మలతో ఒక చిన్న పుస్తకం, దాని నడుమ రెండు పేజీల నిండా పరుచుకునే మ్యాపు. రాజ్యాలు వాడివే, కొండలు వాడివే, కొండల మీద తిరిగే ఒంటికొమ్ము దున్నలూ వాడివే. చదువు అయిపోయాక ఉద్యోగం చూసుకోకుండా ఇదేం పని అని ఇంట్లో రోజూ గొడవ. నా అభ్యంతరం వేరు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు తిరుపతిలోనే వీధికొకరు ఉండగా, వీడు ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా సొంతంగా మొదలుపెట్టాడు.

ఆరితేరినవాళ్ళంటే రియల్ ఎస్టేట్ బ్రోచర్లు వేసేవాళ్ళు.

వాడి పటంలోని లోపాలు చూడండి. నదులు కొండల్లో పుట్టి పల్లానికి పారతాయి. దారిలో ఒకదాన్నొకటి కలుపుకుపోతాయే తప్ప, ఊరికే రెండుగా చీలిపోవు. వానగాలి తగిలే వైపు అడవి, కొండకు అవతల ఎండిన నేల. మూలన స్కేలు గీత. గుర్రం రోజుకు ఎంత దూరం పోగలదో లెక్కగట్టి, ఊరికీ ఊరికీ మధ్య సరిగ్గా అన్ని మజిలీలే పెట్టాడు. లేని దేశానికి ఇంత నిజాయితీ ఎందుకురా అంటే, "చదివేవాళ్ళు నమ్మాలి కదా మామా" అంటాడు. పసివాడు.

నమ్మించడం ఎలాగో రేణిగుంట రోడ్డులో చేతికిచ్చే ఏ బ్రోచరైనా నేర్పుతుంది. అందులో దూరాలు కిలోమీటర్లలో ఉండవు, నిమిషాల్లో ఉంటాయి. ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు, అలిపిరికి 15. ఏర్పేడు ఐఐటీ, సత్యవేడు దగ్గరి శ్రీసిటీ అన్నీ కలిపి బొటనవేలితో మూసేయొచ్చు, అంత దగ్గర. ఆ నిమిషాలు ఎవరివి అని అడగకూడదు. తెల్లవారుజామున 3 గంటలకు, రైల్వే గేటు తెరిచి ఉండగా, బ్రహ్మోత్సవాలు లేని నెలలో అంబులెన్సులో పోయేవాడివి కావచ్చు. కింద ఓ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో 'నాట్ టు స్కేల్' అని ఎలాగూ ఉంటుంది.

ఇక జనం. మావాడి దేశంలో ముసలివాళ్ళున్నారు, దగ్గేవాళ్ళున్నారు, అప్పులపాలైనవాళ్ళున్నారు. బ్రోచర్ దేశంలో ఒకే ఒక్క కుటుంబం. రాగి జుట్టు నాన్న, రాగి జుట్టు అమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. అవ్వ ఉండదు. అందరూ పచ్చికలో పరుగెత్తుతూనే ఉంటారు. వెనక సరస్సు, అందులో హంసలు. సైటు చూపిస్తామని కారులో తీసుకుపోతే కనిపించేవి సున్నం కొట్టిన సర్వే రాళ్ళు, గాలికి సగం చిరిగిన జెండాలు, గోడ లేకుండా ఒంటరిగా నిలబడ్డ సిమెంటు ఆర్చి. నిన్నమొన్నటిదాకా అది తోతాపురి మామిడితోట. కొట్టేసిన చెట్ల మొదళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి. వాటిలో ఒకదాని మీద కూర్చోబెట్టి, చేతిలో కూల్‌డ్రింకు పెట్టి, స్విమ్మింగ్ పూల్ సరిగ్గా మీ కాళ్ళ దగ్గరే వస్తుంది సార్ అంటారు.

ఉన్న మామిడితోటకు వాళ్ళు గీసిన పటం కన్నా, లేని దేశానికి వీడు గీసిన పటమే ఎక్కువ నిజం. ఇలాగైతే వీడు బతికేదెట్లా?

ఈ విద్యకు పూర్వాచార్యులు కూడా ఉన్నారు. బెంగాలుకు మొదటి సర్వేయర్ జనరల్‌గా చేసిన జేమ్స్ రెన్నెల్ 1798లో ఆఫ్రికా పటం గీస్తూ, పడమటి భాగంలో 'కాంగ్ పర్వతాలు' అని బారుగా ఒక వరుస వేసేశాడు. అక్కడ ఆ కొండలు లేవు. తరవాతి పటాలవాళ్ళు ఒకరిని చూసి ఒకరు దింపేసుకున్నారు. 1880ల చివర్లో బింగర్ అనే ఫ్రెంచి అధికారి పోయి చూసి, ఇక్కడేమీ లేదని చెప్పేదాకా దాదాపు 90 ఏళ్ళు ఆ కొండలు చెక్కుచెదరలేదు. అన్నేళ్ళలో అక్కడ హిల్ వ్యూ ప్లాట్లు ఒక్కటీ అమ్ముడుపోలేదంటే, మనవాళ్ళు ఆ చుట్టుపక్కల లేకపోవడమే కారణం. మనకైతే కొండలు నిజంగానే ఏడున్నాయి. ఏ వెంచరు నుంచి చూసినా ఏడూ కనిపిస్తాయి, బ్రోచర్లో.

కొలతల దగ్గర మా ఇద్దరికీ పెద్ద వాదనే జరిగింది. ఊహాలోకానికి వింత కొలత ఒకటి ఉండాలని వాడు ఏదో కొత్త పేరు పెట్టుకొచ్చాడు. తిరుపతిలో పుట్టి వింత కొలత కోసం వెతకడమేంటి? మనకు అంకణం లేదా? తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాలో కొంత, నెల్లూరు జిల్లాలో కొంత కలిపి తిరుపతి జిల్లా చేశాక రెండు అంకణాలూ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. సూళ్ళూరుపేటలో బస్సెక్కి తిరుపతిలో దిగేసరికి అంకణం సగమైపోతుంది. వాడి పుస్తకంలో మాంత్రికులు చాలామందే ఉన్నారు, ఇంత పని ఒక్కడి చేతా కాలేదు.

నది విషయంలో మాత్రం నా మాట విన్నాడు. మొదట నిండుగా నీలం రంగు పులిమాడు. స్వర్ణముఖి ఒడ్డున పెరిగినవాడు చేయాల్సిన పనేనా అది? ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక రంగు, గట్టి వాన పడ్డ నాలుగు రోజులు ఎర్రమట్టి రంగు అన్నాను. మార్చాడు. సూచికలో గుడికి గోపురం గుర్తు, కోటకు బురుజు గుర్తు ఉన్నాయి. నదికి ట్రాక్టరు గుర్తు చేర్చాడు.

మిగతా పాఠాలు ప్రింటింగ్ ప్రెస్సులో అయ్యాయి. 18 పేజీలు తీసుకుపోతే, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, 16 చెయ్ లేదా 20 చెయ్ అన్నారు. అంచుల్లో 3 మిల్లీమీటర్లు కట్టింగులో పోతాయన్నారు. తీరం వెంబడి ఉన్న చిన్న రాజ్యం ఒకటి అట్లా పోయింది, యుద్ధం లేదు, తుఫాను లేదు. నడిపేజీలో పిన్ను సరిగ్గా రాజధాని నడినెత్తిన దిగేసరికి మావాడు కుదేలైపోయాడు. రాజధానిని పక్క పేజీకి జరుపు నాయనా, మన రాష్ట్రానికి ఇదేమన్నా కొత్తా అని ధైర్యం చెప్పాను. పెరిగిన రెండు పేజీల్లో ఏం వేయాలో తోచక తల పట్టుకుంటే, "బ్యాంకు లోను సౌకర్యం కలదు అని వేసెయ్ అన్నా, అందరూ అదే వేస్తారు" అన్నాడు డీటీపీ అబ్బాయి.

ప్రూఫు టేబుల్ మీద పరిచి ఉండగా, కూతురి పెళ్ళికార్డుల కోసం వచ్చిన పెద్దాయన ఒకాయన వంగి చూశాడు. కొండలు చూశాడు, కోట చూశాడు, ట్రాక్టరు గుర్తు దగ్గర కాసేపు ఆగాడు.

"బాగుందబ్బా. అంకణం ఎంత చెప్తున్నారు?"

"ఇది అమ్మేది కాదు సార్. అసలిట్లాంటి ఊరే లేదు" అన్నాడు మావాడు.

"లేదని నాకూ తెలుసులే నాయనా. అప్రూవల్ ఎప్పుడొస్తుంది? ఈస్ట్ ఫేసింగ్ ఏమన్నా మిగిలిందా?"