సర్వధారిలో చిక్కుకున్న కంప్యూటరు

మా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా దాని మూత నేనే విప్పాలన్నది సంప్రదాయం. ఈ సంప్రదాయాన్ని నెలకొల్పినవాడినీ, ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్నవాడినీ నేనే. తక్కిన కుటుంబసభ్యుల ప్రమేయం ఇందులో ఏమీ లేదు. 2010లో విడిభాగాలుగా కొని బిగించుకున్న మా డెస్క్‌టాప్ ఇప్పటికీ నడుస్తున్నదంటే అది నా చేతి చలవేనని నేనంటాను. నా చెయ్యి పడినా నడుస్తున్నదంటే దాని ఆయుర్దాయం గట్టిదని మా ఆవిడ అంటుంది.

2025 శ్రావణంలో ఒక శుక్రవారం నాడు కరెంటు బిల్లు కడదామని కూర్చుంటే ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే హెచ్చరిక: ఈ కనెక్షను భద్రమైనది కాదు, మీ గడియారం వెనకబడి ఉంది. నేను తలతిప్పి గోడ గడియారం వైపు చూశాను. ఎవరికీ బస్సు తప్పిపోకూడదని మా అమ్మ దాన్ని ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టి ఉంచుతుంది కనుక, వెనకబడిందన్న ఆరోపణ పూర్తిగా నిరాధారమని తేల్చి, ఆ హెచ్చరికను కొట్టివేశాను.

ఆ తరువాత దర్యాప్తు శాస్త్రీయంగానే సాగింది. రౌటరును ఆపి, పదివరకు లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. ఇంటర్నెట్టు కుర్రవాడికి ఫోను చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. తన వైపు అంతా సవ్యంగానే ఉందని అతను చెబితే, తప్పు చేసినవాళ్ళందరూ చెప్పే మాటే కదా అనుకున్నాను. వైరస్ కోసం రెండు గంటలు గాలింపు జరిపిస్తే ఒక్కటి కూడా దొరకకపోవడం నన్ను కొంత నిరుత్సాహపరిచింది. చివరికి అనుమానం ర్యామ్ మీదికి, అంటే కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకశక్తి ఉండే పలక మీదికి పోయింది. ఎందుకు పోయిందంటే, ఆ పెట్టెలో నాకు ఊడదీయడం చేతనైన భాగం అదొక్కటే.

పక్క రేకు విప్పేసరికి ప్రాసెసరు ఫ్యాను కింద, అల్యూమినియం రెక్కల సందుల్లో, పాత పరుపులోని దూదిలా దుమ్ము అట్టకట్టి ఉంది. పెట్టెను వాకిట్లోకి తీసుకువెళ్ళి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో ఆ దుమ్మును రాల్చాలన్నది నలుగురికీ నేను చెప్పే పద్ధతి. ఉత్సాహం కొద్దీ నేను కూర్చున్నచోటనే నోటితో ఊదాను. ఎగిరిన దుమ్ములో సగం నా కళ్ళలోనూ, తక్కిన సగం వాయనాల కోసం మా ఆవిడ నానబెట్టి వార్చి ఉంచిన శనగల మీదా పడింది. ఆవిడ ముందు నన్ను కడిగి, తరువాత శనగలను కడిగింది.

ఇనుప పెట్టెను ఒకసారి తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకుని, రెండు చివరల క్లిప్పులూ నొక్కి ర్యామ్ పలకను పైకి తీశాను. దాని అంచున ఒక్కో వైపు 120 చొప్పున మొత్తం 240 బంగారు పూత గీతలుంటాయి. అవి మసకబారితే పెన్సిలు రబ్బరుతో రుద్దడం మన రిపేరు షాపుల్లో తరతరాలుగా నడుస్తున్న వైద్యం. సెలవులకు వచ్చి వెళ్ళిన మనవరాలు మరిచిపోయిన రబ్బరు దొరికింది గానీ, అది స్ట్రాబెర్రీ వాసన వేసే రకం. పావుగంట రుద్దేసరికి ర్యామ్ తళతళా మెరుస్తూ, ఐస్‌క్రీము బండి పక్కన నిలబడినంత ఘుమఘుమలాడింది. దాన్ని తిరిగి గాడిలో పెట్టి నొక్కితే ‘టక్’మని ఒక చప్పుడైంది. రెండు చివరలకూ రెండు చప్పుళ్ళు రావాలని నాకు తెలియకపోలేదు. రెండోది మొదటిదానితో కలిసే వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మీట నొక్కితే తెర నల్లగానే ఉండిపోయి, పెట్టె ఆగి ఆగి దీర్ఘంగా కూయసాగింది. పొద్దున వెబ్‌సైట్లు మాత్రమే తెరుచుకోని కంప్యూటరు, నా వైద్యం తరువాత తానే తెరుచుకోవడం మానేసింది. అరగంట చెమటోడ్చాక రెండో ‘టక్’ వినబడింది, కూత ఆగింది, తెర మీద తెల్లని అక్షరాల్లో ఏదో ప్రకటన వచ్చి ఎఫ్1 నొక్కమన్నది. ఆ ప్రకటన రెండు రోజులుగా వస్తూనే ఉంది, నేనూ ఎఫ్1 నొక్కుతూనే ఉన్నాను. ఏమి రాసిందో చదవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

ఆ సమయానికి మా అమ్మ హారతి పళ్ళెంతో అటు వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. క్యాలెండరులో తిథి, వర్జ్యం చూసుకోనిదే కాఫీ ముట్టదు. తెర మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని కళ్ళజోడు లేకుండానే చదివి, “ఒరేయ్, శ్రావణ శుక్రవారం పూట నీ పెట్టె గురువారం అంటుందేమిట్రా? పైగా జనవరి ఒకటట!” అన్నది.

సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే సంవత్సరం 2009. మేమందరం విశ్వావసులో ఉంటే, అది పదిహేడు సంవత్సరాలు వెనక్కి వెళ్ళి సర్వధారిలో కూర్చుని ఉంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపుగా చూపించే ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 2009లో ఉన్నదానికి అవన్నీ ఇంకా పుట్టని బిడ్డల జనన ధ్రువపత్రాల్లా కనబడితే నమ్మకపోవడంలో వింత లేదు. తేదీ సరిచేయగానే బిల్లు రెండు నిమిషాల్లో కట్టేశాను.

మరునాడు పొద్దున మళ్ళీ సర్వధారి. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేస్తే, “మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అని బిళ్ళ బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయింది నాన్నా” అన్నాడు. గోడ దగ్గర స్విచ్చి వేసి ఉన్నంతసేపూ కంప్యూటరు లోపలి గడియారం కరెంటుతోనే నడుస్తుందనీ, నేను పొదుపు పేరుతో రోజూ రాత్రి ఆపేయడం వల్ల ఆ భారమంతా పదిహేనేళ్ళుగా ఆ మూడు వోల్టుల బిళ్ళే మోసిందనీ వివరించాడు. విండోస్ ఇంటర్నెట్టులో సమయం చూసి సరిదిద్దుకోవచ్చు కదా అని నిలదీశాను. పదిహేను గంటలకు మించిన తేడా ఉంటే అది తనంతట తాను ముట్టుకోదట. పదహారేళ్ళ పైచిలుకు తేడా చూసి ఏమనుకుందో మరి.

ఆదివారం కావడంతో మర్నాడు దుకాణం మూసి ఉంది. సరిగ్గా అటువంటి బిళ్ళే మా బరువు తూచే యంత్రంలో ఉందని నాకు గుర్తుకొచ్చింది. ఆరు కిలోలు తగ్గమని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఉదయం మా ఆవిడ నన్ను దానిమీదికి ఎక్కిస్తున్నది. మంచి బిళ్ళను కంప్యూటరులో వేసి, పాతదాన్ని యంత్రంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు స్నానానికి వెళ్ళాను.

పిలుపు వచ్చాక వెళ్ళి ఎక్కాను. అంకెలు రావలసినచోట రెండు ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి: లో.

“తక్కువేనంటోంది కదా” అన్నాను.

మా ఆవిడ వంగి ఆ అక్షరాలు చదివింది. నన్ను దిగమని, యంత్రాన్ని బోర్లించి, అడుగున ఉన్న మూత గోటితో తీసి, బిళ్ళను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కంప్యూటరు వైపు తల తిప్పింది.