మ్యాక్ కొంటే విండోస్ కూడా వచ్చినట్టేనా?

కాలేజీ అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా మళ్లీ తిరుగుతుంది: “మ్యాక్‌బుక్ కొనడానికి భయపడకండి. ఏ మ్యాక్‌లోనైనా బూట్ క్యాంప్‌తో విండోస్ ఫ్రీగా వేసుకోవచ్చు. పారలెల్స్ పెట్టుకుంటే విండోస్‌లో నడిచేదల్లా నడుస్తుంది. బడ్జెట్ తక్కువైతే పాత ఇంటెల్ మ్యాక్ తీసుకోండి, అందులో రెండూ హాయిగా ఉంటాయి.” దాని కిందే ఎవరో ఒకరు “విండోస్ వేస్తే వారంటీ పోతుంది” అని బెదిరిస్తారు. తెలియనివాళ్లకు ఒక్క మాట: బూట్ క్యాంప్ అంటే మ్యాక్‌లో విండోస్‌ను నేరుగా వేసుకోనిచ్చే ఆపిల్ ప్రోగ్రాం, పారలెల్స్ అంటే మ్యాక్ నడుస్తుండగానే దాని లోపల విండోస్‌ను నడిపే యాప్. నేను మ్యాకే వాడతాను, రేపు కొనాల్సి వచ్చినా మ్యాకే కొంటాను. అయినా ఈ ఫార్వర్డ్‌ను నమ్మి ఎవరైనా లక్ష రూపాయలు పెడుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ముందు “ఏ మ్యాక్‌లోనైనా” అన్న ముక్క చూద్దాం. ఒకప్పుడు ఇది దాదాపు నిజమే. 2005లో ఇంటెల్ చిప్‌లకు మారుతున్నామని ఆపిల్ ప్రకటించినప్పుడే, మ్యాక్‌లో ఎవరైనా విండోస్ నడుపుకుంటే తాము అడ్డుపడబోమని ఆ కంపెనీ ప్రతినిధి ఫిల్ షిల్లర్ చెప్పాడు. 2006 జనవరిలో ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. మార్చికల్లా ఔత్సాహికులు వాటిలో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించేశారు. ఏప్రిల్‌లో ఆపిల్ తానే బూట్ క్యాంప్ బీటా విడుదల చేసింది. లోపల ఉన్నది మామూలు పీసీల్లో ఉండే ప్రాసెసరే కాబట్టి విండోస్‌కు అది ఇంకో పీసీ, అంతే. డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ను విండోస్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాములు, ఆపిల్ ఇచ్చింది.

2020 నవంబర్‌లో ఆపిల్ సొంత చిప్ ఎం1 రావడంతో ఆ రోజులు పోయాయి. ఆపిల్ సొంత చిప్ ఉన్న ఏ మ్యాక్‌లోనూ బూట్ క్యాంప్ లేదు. ఇప్పుడు షోరూంలో కొత్తగా దొరికే మ్యాక్‌లన్నీ అవే. అంటే ఫార్వర్డ్‌లోని మొదటి వాక్యం, కొత్త మ్యాక్ కొనేవాళ్లకు, పూర్తిగా తప్పు.

దీనికి ఎదురుగా ఇంకో మాట కూడా వింటుంటాం, ఆపిల్ కావాలనే తాళం వేసేసిందని. అదీ సరికాదు. ఈ మ్యాక్‌లలో భద్రతా స్థాయిని యజమాని తగ్గించుకుని వేరే సిస్టమ్‌ను బూట్ చేసుకునే వీలు ఆపిల్ ఉంచింది. ఆ దారిలోనే ఆసాహి లినక్స్ అనే బయటి బృందం 2022లో ఎం1 మ్యాక్‌ల మీద లినక్స్‌ను (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నేరుగా నడిపించే తొలి ప్రయోగ వెర్షన్ విడుదల చేసింది. 2023 డిసెంబర్‌లో ఆ పని మీదే కట్టిన లినక్స్ వెర్షన్ ఫెడోరా ఆసాహి రీమిక్స్ వచ్చింది. విండోస్ రాకపోవడానికి కారణం వేరు. ప్రాసెసర్‌కు సంకేతాలు చేరవేసే ఇంటరప్ట్ కంట్రోలర్ దగ్గర్నుంచి గ్రాఫిక్స్ దాకా ఆపిల్ చిప్‌లో చాలా భాగాలు దాని సొంత తయారీ. వాటికి తగ్గట్టు విండోస్‌ను మార్చి డ్రైవర్లు రాస్తే తప్ప అది బూట్ కాదు. ఆ పని మైక్రోసాఫ్ట్ చేయలేదు, ఆపిల్ కూడా పూనుకోలేదు. లినక్స్‌కైతే కోడ్ బహిరంగం కాబట్టి బయటివాళ్లే కూర్చుని రాసుకున్నారు.

“ఫ్రీగా” అన్నది ఎప్పుడూ నిజం కాదు. బూట్ క్యాంప్ ఉచితమే కానీ విండోస్ లైసెన్స్ కొనాల్సిందే. పారలెల్స్‌కు డబ్బు కట్టాలి. అలాంటి పనే చేసే వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమైంది, ఉచితంగానే దొరికే యూటీఎం ఎప్పట్నుంచో ఉంది. వీటిలో ఏది వాడినా లోపల వేసే విండోస్‌కు లైసెన్స్ ఖర్చు తప్పదు. నాలుగైదు వందలకు అమ్మే ‘కీ’ల గురించి నన్ను అడక్కండి.

ఇక “నడిచేదల్లా నడుస్తుంది”. జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఆపిల్ చిప్ మీద పారలెల్స్‌లో నడిచేది మామూలు విండోస్ కాదు, ఆర్మ్ విండోస్, అంటే ఇంటెల్ చిప్‌లకు కాకుండా ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్. ఆపిల్ చిప్‌లు ఆ రకమే. ఎం1, ఎం2 మ్యాక్‌లపై పారలెల్స్‌లో విండోస్ 11 ఆర్మ్ వాడుకోవడానికి 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంది. ఇంటెల్ కోసం రాసిన యాప్‌లను ఆ విండోస్ తానే అనువదించుకుని నడుపుతుంది. ఆఫీసు పనికి పనికొచ్చే మామూలు ప్రోగ్రాములకు ఇది చక్కగా సరిపోతుంది. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

కానీ ఆ అనువాదం యాప్‌లకే, డ్రైవర్లకు కాదు. డ్రైవర్ ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి. జీఎస్టీ రిటర్నులకో టెండర్లకో వాడే డీఎస్సీ (డిజిటల్ సంతకం) యూఎస్‌బీ టోకెన్, పాత సాఫ్ట్‌వేర్‌కు తాళంగా వచ్చే యూఎస్‌బీ డాంగిల్, ఈసీఈ ల్యాబ్‌లో బోర్డుకు పెట్టే కేబుల్, ఇవన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోవచ్చు. ప్రోగ్రాం తెరుచుకుంటుంది, టోకెన్ మాత్రం కనిపించదు. ఇక మన పిల్లలు రాత్రంతా ఆడే వాలరంట్ వర్చువల్ మెషీన్లో, అంటే పారలెల్స్ లాంటివి సృష్టించే ఉత్తుత్తి కంప్యూటర్లో, అసలే నడవదు, ఆటలో మోసాన్ని పట్టే దాని యాంటీ చీట్ ప్రోగ్రాం ఒప్పుకోదు. ర్యామ్ సంగతి కూడా చూడండి. విండోస్ ఇక్కడ అద్దెకున్న మనిషి, ఇంటివాళ్ల నీళ్లే వాడుకోవాలి. విండోస్ 11కు కనీసం 4 జీబీ కావాలని మైక్రోసాఫ్టే అంటుంది. 8 జీబీ మ్యాక్‌లో అంత దానికిస్తే మీకు మిగిలేదెంత? మ్యాక్‌బుక్‌లో తర్వాత ర్యామ్ పెంచుకునే వీలూ లేదు.

సెకండ్ హ్యాండ్ ఇంటెల్ మ్యాక్ సలహా మూడు నాలుగేళ్ల కిందటైతే నేనూ ఇచ్చేవాణ్ని. బూట్ క్యాంప్ అధికారికంగా విండోస్ 10 దాకానే. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ఇంటెల్ మ్యాక్‌లలో అది లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు, వాళ్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఉండదు. అటు మ్యాక్ సొంత సిస్టమ్ మ్యాక్ఓఎస్ వైపూ, టాహో అనే 2025 వెర్షన్ తర్వాత ఇంటెల్ మెషీన్లకు కొత్త వెర్షన్లు రావని ఆపిల్ 2025లో చెప్పేసింది. రెండూ హాయిగా ఉండటం కాదు, రెండు వైపులా గడువు దగ్గరపడ్డ మెషీన్ అది. పైగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న మ్యాక్‌బుక్ ప్రోల్లో విండోస్ ఎప్పుడూ ఎక్కువ కరెంటు తాగే చిప్‌నే వాడుతుంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అమ్మేవాడు చెప్పడు.

వారంటీ భయం మాత్రం ఉత్తదే. వేరే సిస్టమ్ వేసినంత మాత్రాన హార్డ్‌వేర్ వారంటీ పోదు. ఏళ్ల తరబడి బూట్ క్యాంప్‌ను చేతికిచ్చింది ఆపిలే కదా. విండోస్ లోపల చిక్కొస్తే మాత్రం సర్వీస్ సెంటర్ వాళ్లు చేయగలిగింది లేదు. దానికి మైక్రోసాఫ్ట్‌నో పారలెల్స్‌నో అడగాలి.