రెండో సూది ఎవరు వేస్తారు?

తెల్లారి నడకకు తిరుపతి బైరాగిపట్టెడ నుంచి బయల్దేరితే నా చేతిలో కర్ర ఉండాల్సిందే. ఎదకు వచ్చిన ఒక్క ఆడకుక్క వెనక ఏడెనిమిది మగకుక్కలు గుంపు కడతాయి. ఆ రోజుల్లో పిల్లల్ని సందులోంచి బడికి పంపాలంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్.

ఇప్పుడు మన దగ్గరున్న దారి ఆపరేషన్. 2023 నిబంధనల ప్రకారం కుక్కను పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, చెవికి గాటు పెట్టి పట్టిన చోటే వదలాలి. పద్ధతి మంచిదే. కానీ ఆడకుక్కకు మత్తిచ్చి కడుపు కోయాలి, కోలుకునేదాకా షెడ్డులో ఉంచి సాకాలి. డాక్టరు, షెడ్డు, డబ్బు ఒకేసారి దొరకాలి. చూడి కుక్క మాత్రం సుమారు 63 రోజుల్లో ఈనేస్తుంది. అందుకే హార్మోన్ టీకా అంటే నాకు ఆశ పుడుతుంది.

మెదడులోని హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. పిట్యూటరీ గ్రంథికి దాని కబురు అందితేనే అండాశయాలు, వృషణాలు పనిచేస్తాయి. సొంత ఒంట్లోది కాబట్టి శరీరం దాని జోలికి పోదు. దాన్ని ఒక పెద్ద పరాయి ప్రోటీన్‌కు తగిలించి సూది వేస్తే, పుట్టిన యాంటీబాడీలు సొంత హార్మోన్‌ను కూడా పట్టేస్తాయి, ఆ కబురు అందక ఎద కూడా ఆగుతుంది. గుర్రాలకు వాడే పీజెడ్‌పీ అనే మరో రకం టీకా అండం పైపొర మీద పనిచేస్తుంది. దాంతో చూలు ఆగుతుంది గానీ ఎద ఆగదు. మన సందుల్లో గుంపులు తగ్గాలంటే ఎదే ఆగాలి.

అయితే అమెరికా గుర్రాల అనుభవం ఒకటి ఉంది. నార్త్ డకోటాలోని థియోడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కులో 2009లో అడవి గుర్రాలకు గోనాకాన్ అనే జీఎన్‌ఆర్‌హెచ్ టీకా వేశారు. ఒక్క డోసుతో వచ్చిన ఫలితం కొంతే. 2013లో వాటికే మళ్లీ వేస్తే ఈతలు బాగా తగ్గిపోయాయి. అక్కడ ఒక్కో గుర్రాన్నీ ఆనవాళ్లతో పోల్చుకోగలరు. లీలామహల్ సర్కిల్‌లో నిరుడు సూది వేసిన కుక్క ఏదో ఎవరు చెప్తారు?

కుక్కల్లో మరో చిక్కు కూడా ఉంది. కొన్ని ప్రయోగాల్లో సూది వేసిన చోట వాపులు, పుండ్లు వచ్చాయి. రేబిస్ టీకాతో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం రేబిస్ రక్షణ తగ్గలేదు. నాకు ధైర్యమిచ్చే సంగతి ఇదే.

పలమనేరు, కుప్పం వైపు పంటల మీద పడే ఏనుగులకూ ఇదే వేస్తే పోలా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఏనుగు దాదాపు 22 నెలలు మోస్తుంది. ఈరోజు వేసిన సూది ఈ ఏటి టమాటా తోటను కాపాడదు. అక్కడి గొడవ మేతదీ, దారిదీ.

కుక్కల విషయంలో మన ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. రెండు మూడు వీధుల్లో, వాళ్ల పర్యవేక్షణలో, అనుమతులతో మొదలుపెట్టి చూడాలి. రోజూ అన్నం పెట్టే ఆడవాళ్లకు ప్రతి కుక్కా తెలుసు, వాళ్లను కలుపుకోవాలి. చెవి గాటు చూస్తే ఆపరేషన్ అయిందనుకుని వదిలేస్తారు కాబట్టి టీకా కుక్కలకు గుర్తు వేరుగా ఉండాలి, మైక్రోచిప్ అయితే ఇంకా మేలు. రేబిస్ టీకాకు ఏటా ఎలాగూ కుక్కను పట్టాలి. రెండో సూది వేయాల్సింది ఆ రోజే, అదే బండిలో వచ్చిన వాళ్లే.