బెండకాయల కవరుకు స్క్రూగేజి

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో స్క్రూగేజి పట్టుకుని తీగ మందం కొలిచే రోజుల్లో, ఈ విద్య ముందుముందు ఎందుకు పనికొస్తుందని అడిగితే మా లెక్చరరు బయటికి పొమ్మన్నారు. ముప్పై ఏళ్లకు జవాబు దొరికింది. కూరగాయలు కొనడానికి.

మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషిద్ధం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం అటూఇటూగా 70 మైక్రాన్లు ఉంటుందంటారు. కాబట్టి చట్టాన్ని గౌరవించే పౌరుడు కవరు పుచ్చుకునే ముందు, అది వెంట్రుక కంటే ఎంత మందంగా ఉందో చూసుకోవాలి. (పోల్చి చూసుకోవడానికి నా నెత్తిన సరుకు పెద్దగా మిగల్లేదు, అది వేరే సంగతి.) అందుకే స్క్రూగేజి కొన్నాను. లీస్ట్ కౌంటు, అంటే అది కొలవగలిగే అతి చిన్న కొలత, 0.01 మిల్లీమీటరు. అంటే 10 మైక్రాన్లు. దేశసేవకు ఆ మాత్రం కచ్చితత్వం చాలు.

మొన్న ఆదివారం మా వీధి చివర కూరగాయల బండి దగ్గర తొలి తనిఖీ చేశాను. అరకిలో బెండకాయలు పోసిన కవరు అంచును గేజి దవడల మధ్య పెట్టి టక్కుటక్కుమనేదాకా తిప్పాను. 30 మైక్రాన్లు. జీరో ఎర్రర్ సరిచూసుకుని మళ్లీ తిప్పాను. మళ్లీ 30.

"ఏంది సారూ, కవరుకు బీపీ చూస్తున్నరా?" అంది బండి ఆమె.

"ఇది 120 ఉండాలమ్మా."

"నూట ఇరవై ఏంది సారూ? కిలో అరవయ్యే."

ఆమెను తప్పుపట్టలేం. చట్టం చెప్పే అంకె కూరగాయల రేటులాగే మారుతూ వచ్చింది మరి. 1999లో 20 మైక్రాన్లు ఉంటే చాలన్నారు. 2011లో 40 అన్నారు. 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, ఆ పై ఏడాది ఆఖర్న 120. దీని వెనక తర్కం లేకపోలేదు. పల్చటి కవరును చెత్త ఏరేవాళ్లు ముట్టుకోరు, కిలో కావాలంటే వందల కవర్లు ఏరాలి. మందంగా ఉంటే వాళ్లకూ గిట్టుబాటు, మనమూ నాలుగుసార్లు వాడతాం. అంటే ప్లాస్టిక్ తగ్గాలంటే ముందు ఒక్కో కవరులో ప్లాస్టిక్ పెరగాలి. తాగుడు మాన్పించడానికి క్వార్టర్లు ఆపేసి ఫుల్ బాటిళ్లే అమ్మమన్నట్టు.

అంతకుముందే, 2022 జులై 1న, నిషిద్ధ ప్లాస్టిక్ వస్తువుల జాబితా కూడా అమల్లోకి వచ్చింది. స్ట్రాలు, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, స్వీటు డబ్బా మీదా శుభలేఖ మీదా చుట్టే పల్చటి పొర అన్నీ అందులో ఉన్నాయి. సిగరెట్ పెట్టె మీది పొరా ఉంది. సిగరెట్టు తాగితే తాగారు, పొర మాత్రం ఒంటికి మంచిది కాదు. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా నిషిద్ధమే గనక మన నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలన్నీ 100 దాటినవేనని నమ్ముతున్నాను. అంత ఎత్తుకు ఎక్కి కొలిచే ధైర్యం నాకు లేదు.

ఈ నిబంధనలన్నిటికీ మూలమైన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి, దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు. పేరు చూశారుగా, జన్ విశ్వాస్. కవరు విషయంలో ఇంత నమ్మకం మన మీద ఇంట్లోవాళ్లకు కూడా లేదు.

యూరప్ వాళ్లు ఇంకా పద్ధతైన మనుషులు. మా మేనల్లుడు జర్మనీలో ఉద్యోగం. "మామయ్యా, నీళ్లు తాగబోతే మూత ముక్కుకు కొడుతోంది" అని ఫోన్ చేశాడు. 2019లో చేసిన చట్టం ప్రకారం 2024 జులై 3 నుంచి అక్కడ 3 లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాల మూత సీసాకే అంటిపెట్టుకుని ఉండాలి. విడివిడిగా ఉంటే మూతలు సముద్రతీరాలకు చేరుతున్నాయట. సీసాకు 25 సెంట్ల డిపాజిట్ కూడా కడతాడట, ఖాళీది మెషీన్లో వేస్తే వెనక్కిస్తారట. "ఇక్కడి సిస్టమే వేరు మామయ్యా!"

ఒరే నాయనా, మీ తాత గోలీ సోడా తాగిన సీసాలో మూత ఎన్నడైనా బయటపడిందా? తలకిందులు చేసినా గోలీ మెడలోనే ఉండేది. ఇక డిపాజిట్టా? సీసా చేతికిచ్చేదాకా కొట్టువాడు మనిషిని కదలనిచ్చేవాడు కాదు. ఆ సీసాను 1870ల్లో కనిపెట్టింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలి వెళ్తూ గోలీని కూడా పట్టుకుపోయినట్టుంది.

ప్రపంచస్థాయిలో పని ఇంకా గంభీరంగా జరుగుతోంది. 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో దేశాలన్నీ కూర్చుని, రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో చేసిన సుత్తితో బల్ల మీద కొట్టి, 2024 ఆఖరుకల్లా ప్లాస్టిక్ ఒప్పందం రాసేస్తామన్నారు. ఆ తర్వాత ఉరుగ్వే, పారిస్, మళ్లీ నైరోబీ, ఒట్టావా, బుసాన్ తిరిగారు. పారిస్‌లో ఐదు రోజుల సభలో రెండు రోజులు, కుదరకపోతే ఓటింగ్ పెట్టాలా, అందరూ ఒప్పుకోవాల్సిందేనా అన్న చర్చకే సరిపోయాయి. పెళ్లి ముహూర్తానికి పెదనాన్న అలిగితే ఏం చేయాలో నిశ్చితార్థంలోనే తేల్చుకోవడం లాంటిది. తేల్చుకోలేదనుకోండి.

2025 ఆగస్టులో జెనీవాలో రాత్రంతా మేలుకుని, తెల్లారాక ఒప్పందం లేకుండానే లేచారు. ముసాయిదాలో ఎవరికి నచ్చని మాటకు వాళ్లు బ్రాకెట్లు తగిలించారు, అంటే ఆ మాట ఇంకా తేలలేదని గుర్తు. అసలు చిక్కు ఒక్కటే: ప్లాస్టిక్ తయారీకే హద్దు పెడదామని కొందరు, చెత్త సంగతి మాట్లాడండి గానీ తయారీ జోలికి రావద్దని చమురు దేశాలు. హద్దు వద్దనేవాళ్లలో మనమూ ఉన్నాం. కవరు ఎంత మందం ఉండాలో, మూత ఎక్కడ వేలాడాలో చెప్పొచ్చు. ఎంత తయారు చేయాలన్నది మాత్రం బ్రాకెట్లో ఉంది. అక్కడికి నా స్క్రూగేజి కూడా దూరదు.

ఈ ఆదివారం మళ్లీ బండి దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఆమె కవరులో కవరు, అందులో కవరు, అందులో ఇంకో కవరు దూర్చి బెండకాయలు పోసి చేతికిచ్చింది.

"నాలుగేసిన సారూ, కొలుసుకోండ్రి."

కొలిచాను. సరిగ్గా 120.