సగమే చదువుతున్న స్టోయిక్కులు

తత్వశాస్త్రానికి మళ్లీ ఆదరణ పెరుగుతోంది. నిద్ర పట్టనివాళ్లు, ఉద్యోగంలో విసిగిపోయినవాళ్లు, అన్నీ ఉన్నా ఏదో వెలితి అనేవాళ్లు స్టోయిక్కులనే రెండు వేల ఏళ్ల నాటి గ్రీకు, రోమన్ ఆలోచనాపరుల మాటల్ని ఫోన్లలో చదువుకుంటున్నారు. సంతోషించాల్సిందే. కానీ చాలామంది సగం దగ్గరే ఆగిపోతున్నారు. జీవితానికి అర్థం గురించిన చర్చంతా ఆ మిగిలిన సగంలోనే ఉంది.

ఆ స్టోయిక్కుల్లో ఒకడైన ఎపిక్టెటస్ బానిసగా బతికి, తర్వాత గురువైనవాడు. మన వశంలో ఉన్నవేవో, లేనివేవో ముందు తేల్చుకోమన్నాడు. మన అభిప్రాయాలు, కోరికలు, ప్రయత్నాలు మనవి. ఒళ్లు, ఆస్తి, పేరు, పదవి మన వశంలో లేనివి. మనుషుల్ని కలవరపెట్టేది జరిగిన సంగతి కన్నా దాని మీద వాళ్లు ఏర్పరచుకున్న అభిప్రాయమేనని కూడా చెప్పాడు. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన మానసిక చికిత్సల వెనుక ఈ ఆలోచనే ఉంది. ఆందోళనతో, కుంగుబాటుతో నలిగిపోతున్న ఎందరికో ఆ చికిత్సలు మేలు చేశాయి. తత్వం బతుకులో పనికొస్తుందా అన్న సందేహం ఇక్కడితో తీరిపోవాలి.

అయితే ఇదే సూత్రాన్ని ఇప్పుడు ఓర్చుకోవడానికే వాడుతున్నారు. పనిగంటలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగినా, పక్కసీటు మనిషికి అన్యాయం జరిగినా ‘నా చేతిలో లేదు’ అనుకుని సర్దుకుపోతున్నారు. స్టోయిక్కులు ప్రధానంగా ఎంచిన నాలుగు సుగుణాల్లో వివేకం, ధైర్యం, నిగ్రహంతో పాటు న్యాయం కూడా ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది మొద్దుబారడమే. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమ్‌ను ఏలిన స్టోయిక్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ తన కోసం రాసుకున్న పుటల్లో, పొద్దున్నే లేవబుద్ధి కానప్పుడు ‘మనిషి చేయాల్సిన పని కోసం లేస్తున్నాను’ అని తనకు తానే చెప్పుకుంటాడు. మనుషులు ఒకరికొకరు తోడుపడటానికే పుట్టారని మళ్లీ మళ్లీ రాస్తాడు. ఆయన మనశ్శాంతి కోరుకున్నది ఆ పని చేయడానికే.

నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ అసలు ప్రశ్ననే తిరగేశాడు. జీవితం నుంచి నాకేం కావాలని అడగడం మాని, జీవితం నన్నేం అడుగుతోందో చూడమన్నాడు. తప్పించలేని బాధలోనూ అర్థం ఉండొచ్చన్న ఆయన మాట అందరికీ గుర్తుంది. తప్పించగల బాధ అయితే దాని కారణాన్ని తొలగించాలని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో మాటను ఎవరూ పోస్టర్ల మీద వేయరు.

1945లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ తన విద్యార్థి ఒకడి సంగతి చెప్పాడు. ఆ కుర్రాడి అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తల్లికి ఇక ఈ కొడుకే దిక్కు. ఆమె దగ్గరే ఉండిపోవాలా, ఇంగ్లండ్ వెళ్లి నాజీలతో పోరాడే ఫ్రెంచ్ సేనల్లో చేరాలా? నీకు స్వేచ్ఛ ఉంది, నువ్వే ఎంచుకో అన్నాడు సార్త్ర్. సలహా కోసం వచ్చినవాడికి ఇది కఠినమైన జవాబే. కానీ ఆ భారాన్ని తానెత్తుకుని కుర్రాణ్ని చిన్నపిల్లాడిగా చూడకపోవడంలో గౌరవం ఉందనిపిస్తుంది నాకు. ఇంకొకటి కూడా గమనించాలి. ఆ కుర్రాడి ముందున్న రెండు దారుల్లోనూ ఇతరులున్నారు: ఒకదాంట్లో తల్లి, ఇంకోదాంట్లో దేశం. నాకేది సుఖం అన్న ప్రశ్న సార్త్ర్ చెప్పిన కథనంలో ఎక్కడా రాదు. జీవితానికి అర్థం వెతుక్కుంటూ మనం రాసుకునే డైరీల్లో మాత్రం మొదట కనిపించేది అదే.