తాళం బొమ్మకు రెండు మార్కులు

రాజాం దగ్గర ఓ హైస్కూల్లో సోషల్ మాస్టారు ఆ రోజు తొమ్మిదో తరగతిలో పరీక్ష పెట్టారు. పరీక్ష పిల్లలకు కాదు, వెబ్‌సైట్లకు. ప్రాజెక్టు పనికి ఏ సైట్‌ని నమ్మాలో తేల్చడానికి ఆయన ఫోన్‌లో పది మార్కుల పట్టీ ఒకటి ఉంది. అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటే రెండు మార్కులు. చివర డాట్ ఆర్గ్ ఉంటే రెండు. 'మా గురించి' అనే పేజీకి ఒకటి, ఫోన్ నంబరుకు ఒకటి, ఫొటోలకు ఒకటి, ప్రకటనలు లేకపోతే ఒకటి, అచ్చుతప్పులు లేకపోతే ఒకటి, అడుగున ఈ ఏడాది అంకె ఉంటే ఒకటి. ఏడు వస్తే పాస్.

మొదట ప్యానెల్ తెర మీదికి వచ్చింది ఆక్టోపస్. సముద్రంలోది కాదు, చెట్టు మీది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో కొమ్మలు పట్టుకుని పాకే ఆక్టోపస్ అంతరించిపోతోంది, కాపాడండి అని 1998 నుంచి మొరపెట్టుకుంటున్న పేజీ. అంతా వేళాకోళానికి అల్లిన కథ. ఏళ్ల తరబడి టీచర్లు దాన్ని పిల్లల్ని బోల్తా కొట్టించి నేర్పడానికే వాడుతున్నారు. ఇక్కడ వరస తిరగబడింది.

"మాస్టారూ, మా మావోల్లది కళింగపట్నమండి. వల్లోంచి తీసి ఇసకలో ఏస్తే కాసేపటికే సచ్చిపోద్ది. సెట్టెలాగెక్కుద్దండి?"

"ఇది అమెరికాది రా."

ఆ పేజీలోనే ఈ ఆక్టోపస్‌ని తినే శత్రువు పేరు సాస్‌క్వాచ్ అని ఉంది. అంటే అక్కడి కథల్లో తిరిగే వెంట్రుకల కొండమనిషి. తినేవాడే కథలోవాడైతే తిండి నిజమెలా అవుతుందని అడగడానికి పట్టీలో గడి లేదు. డాట్ నెట్ కాబట్టి రెండు మార్కులు పోయాయి గానీ, బొమ్మలు బాగున్నాయని మాస్టారు గ్రేస్ కలిపి గట్టెక్కించారు.

ఇంతలో ముందు బెంచీ అమ్మాయికి ఇంకో సందేహం. "మా అన్న ఫోన్‌లో ఏ సైట్‌కీ తాళమే రాదండి. అన్నీ ఫెయిలేటండి?" నిజమే. 2023 సెప్టెంబరు నుంచి క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసి, రెండు గీతల మీద రెండు చుక్కల బొమ్మ పెట్టింది. తాళాన్ని జనం మంచితనానికి గుర్తనుకుంటున్నారని తెలిసే తీశారు. 2021లో గూగుల్ వాళ్లు అడిగి చూస్తే దాని అసలు అర్థం సరిగ్గా చెప్పినవాళ్లు 11 శాతమే. మన ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య నడిచే మాట మూడోవాడు వినకుండా మూత వేశారని తాళం అర్థం, అంతే. మూత లోపల ఉన్నది పాయసమో, నిన్నటి పులుసో అది చెప్పదు. బ్యాంకు పేరుతో దోచుకునే సైట్‌కీ ఆ తాళం ఉంటుంది. డాట్ ఆర్గూ అంతే, డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారు. అడిగినవాళ్లకల్లా దొరకనివి సర్కారు వాడే డాట్ గవ్ డాట్ ఇన్, విద్యాసంస్థలు వాడే డాట్ ఏసీ డాట్ ఇన్ లాంటివి. వాటినైనా అడ్రస్‌లో https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) ముందున్న చివరి ముక్కలో చూడాలి. మధ్యలో ఎక్కడో 'గవ్' అని ఇరికించుకున్నంత మాత్రాన సర్కారు అయిపోదు.

అసలు ముప్పు రెండో పేజీతో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సమాచారం. తాళం ఉంది, ఆర్గ్ ఉంది, అరసవల్లి గోపురం ఫొటో ఉంది, అడుగున ఈ ఏడాది అంకె ఉంది. నాగావళి నదిని 'నాగవల్లి నది' అని రాసినందుకు ఒకటి పోయి తొమ్మిది మార్కులు. మాస్టారు సంబరంగా చదవమన్నారు. "జిల్లాలో 38 మండలాలు కలవు. ముఖ్య పట్టణాలు ఆమదాలవలస, పలాస, రాజాం..."

తరగతి మొత్తం కిటికీలోంచి బయటికి చూసింది. బయట రాజాం రోడ్డే కనిపిస్తోంది.

"మనది విజయనగరం జిల్లా కాదేటండి?"

ఆ సంగతి మాస్టారికి తెలియక కాదు. నెలనెలా తన జీతం బిల్లు ఏ జిల్లా పేరుతో వెళ్తోందో ఆయనకి బాగా తెలుసు. కానీ పట్టీ తొమ్మిది ఇచ్చేసింది. తొమ్మిది మార్కులు తెచ్చుకున్నదాన్ని తప్పనడానికి నోరు రాలేదు.

ఇలాంటి పేజీ వయసు పట్టుకోవడం పది సెకన్ల పని. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి 'మన్యం' అని కొట్టాలి. ఫోన్‌లోనైతే మూడు చుక్కల మెనూలో పేజీలో వెతికే వీలుంటుంది. శ్రీకాకుళం జిల్లాకి 38 మండలాలని ఏకరువు పెట్టిన పేజీలో కొత్త జిల్లా పార్వతీపురం మన్యం ఊసే లేదంటే అది 2022 ఏప్రిల్ 4కు ముందటి సరుకు. ఆ రోజున జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యం జిల్లాకి వెళ్లాయి. 38లో ఎనిమిది తీస్తే 30. మరి అడుగున ఈ ఏడాది అంకె ఎలా వచ్చిందంటే, ఆ అంకెను చాలాచోట్ల ఎవరూ కూర్చుని రాయరు. జనవరి ఒకటో తేదీన దానంతటదే మారేలా ఒక్క లైను కోడు పెట్టేస్తారు. కొందరు మహానుభావులు మండలాలను 30కి దిద్ది, జనాభా మాత్రం 27,03,114 అనే వదిలేస్తారు. అది 2011 లెక్క, ఉమ్మడి జిల్లాది. సగం దిద్దిన పేజీ పూర్తిగా పాతదానికన్నా ప్రమాదం.

మాస్టారు వెనక్కి తగ్గలేదు. "ఇంకో నాలుగు సైట్లలోనూ 38 అనే ఉంది" అని తెరిచి చూపించారు. నాలుగింట్లోనూ నది పేరు నాగవల్లే. ఒకే సాక్షి చొక్కాలు మార్చుకుని ఐదుసార్లు బోనెక్కాడన్నమాట. అనుమానం వచ్చినప్పుడు పేజీలోంచి ఒక వాక్యం అలాగే తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే ఈ చుట్టరికాలన్నీ బయటపడతాయి.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు ఇదే పని 45 మంది చేత చేయించి చూశారు. పదిమంది చరిత్రలో డాక్టరేట్లు, పదిమంది వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లు, 25 మంది అక్కడి విద్యార్థులు. పేజీని భక్తిగా పైనుంచి కిందికి చదివి, లోగో చూసి, అడ్రస్ చూసి బోల్తాపడ్డవాళ్లలో డాక్టరేట్లూ ఉన్నారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం ఆ పేజీలో నిలబడనే లేదు. పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సైట్ నడిపేదెవరు, దీని గురించి బయటివాళ్లేమంటున్నారు అని చూశారు. పెళ్లికొడుకు ఎలాంటివాడో పెళ్లికొడుకు ఇంట్లో అడగం కదా, పక్క వీధి కిళ్లీ కొట్లో అడుగుతాం. మాస్టారి పట్టీలో 'ఎవరైనా రాయొచ్చు' అని సున్నా పడ్డ వికీపీడియా ఈ కిళ్లీకొట్టు పనికి బాగానే పనికొస్తుంది. అక్కడ విన్నదే సాక్ష్యమని రాసుకోకుండా, అడుగున ఉన్న మూలాల లింకులు పట్టుకుని అసలు జీవో దాకానో, జిల్లా సర్కారు సైట్ దాకానో వెళ్లాలి.

బెల్లుకి ఐదు నిమిషాలుందనగా చివరి బెంచీ గుంటడు లేచాడు. "ఈ పట్టీ ఎక్కడిదండి?"

"గ్రూపులో వచ్చింది."

"అయితే దానికీ మార్కులేద్దామండి."

ప్యానెల్ మీద పట్టీ పెద్దది చేశారు. రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు. తాళం, ఆర్గ్, ఫోన్ నంబరు లేవు. 'వెబ్‌సైట్' రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. కింద గులాబీ పువ్వు, శుభోదయం. బొమ్మకు ఒక మార్కు పడింది. ఆ గులాబీ కింద ఇళ్ల స్థలాల ప్రకటన కూడా ఉంది, సన్నటి అక్షరాల్లో. ముందు బెంచీ అమ్మాయి దగ్గరికెళ్లి చదివింది.

"'రాజాం, శ్రీకాకుళం జిల్లా' అని ఉందండి. 2022 ఏప్రిల్ ముందుదండి ఇది."

"కూర్చోమ్మా" అన్నారు మాస్టారు.